స్నేహితుడు గీసిన బొమ్మ: చిత్రకారుడు ఫ్రెడరిక్ బజీల్ జీవితం



వార్షికోత్సవ సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని అడిగినప్పుడు చాలా పేర్లు మనసులోకి వచ్చాయి. అంబేద్కర్ గారి గురించీ, జ్యోతిరావు ఫూలే గారి గురించీ మన పిల్లలు రాస్తూనే ఉంటారు, ఇక ముందూ రాస్తారు. నేను ఈసారి మనలో చాలామంది పేరు కూడా వినని ఒకరి గురించి రాస్తున్నాను. ఆయన పేరు ఫ్రెడరిక్ బజీల్. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు. బొమ్మల గురించి తెలిసినవారికి ప్రపంచమంతటా తెలిసిన పేరు. 28 ఏళ్ళకే చనిపోయాడు. ఆయన పోయి 150 ఏళ్ళు దాటింది. బెళుగుప్పకూ ఆయనకూ ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. ఓపికగా చివరిదాకా చదవండి.

నేను ఎం.ఏ. మొదటి సంవత్సరంలో ఉండగా లైబ్రరీలో ఒక పెద్ద బొమ్మల పుస్తకం కనిపించింది. బరువుగా ఉంది, ఇంటికి ఇవ్వరు, అక్కడే చూసి పెట్టేయాలి. అందులో ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఒక పొడుగాటి యువకుడు కుర్చీలో కూర్చుని, ముందుకు వంగి, స్టాండు మీద పెట్టిన కాన్వాసుకు రంగు వేస్తున్నాడు. బూడిద రంగు బట్టలు. కాళ్ళకు ఇంట్లో వేసుకునే చెప్పులు, వాటి అంచు ఎర్రగా ఉంది. మనవైపు చూడడం లేదు. తన పనిలో తానున్నాడు. అతని వెనక గోడకు మంచు కురిసిన ఊరి దారి బొమ్మ ఒకటి తగిలించి ఉంది. అంతే. రాజు కాదు, దేవుడు కాదు, ఎవరో గదిలో కూర్చుని పని చేసుకుంటున్న పిల్లవాడు.

ఆ యువకుడే బజీల్. ఆ బొమ్మ వేసినవాడు అతని గదిలో ఉన్న స్నేహితుడు అగస్త్ రెన్వా. సంవత్సరం 1867. అప్పుడు బజీల్‌కు 25 ఏళ్ళు, రెన్వాకు 26. ఈరోజు రెన్వా బొమ్మల ముందు జనం క్యూ కట్టి నిలబడతారు. ఆనాడు అతని దగ్గర గది అద్దెకు కూడా డబ్బు లేదు.

ద్రాక్షతోటల ఇంటి బిడ్డ

బజీల్ 1841 డిసెంబరు 6న ఫ్రాన్సు దక్షిణాన మోంపెలియే పట్టణంలో పుట్టాడు. ఎండ ఎక్కువగా కాసే ప్రాంతం అది. తండ్రి గాస్తోన్ బజీల్ ద్రాక్షతోటల యజమాని, ఊళ్ళో పెద్దమనిషి, తరువాతి రోజుల్లో సెనేటరు కూడా అయ్యాడు. పట్టణం పక్కనే మేరిక్ అనే చోట వారికి తోట, పెద్ద ఇల్లు ఉండేవి. ఎండాకాలం కుటుంబమంతా అక్కడికి చేరేది.

ఈ తండ్రి గురించి మన జిల్లా వాళ్ళం ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. 1860ల్లో ఫ్రాన్సు ద్రాక్షతోటలు ఉన్నట్టుండి ఎండిపోసాగాయి. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. 1868 జూలైలో ముగ్గురు మనుషులు చచ్చిపోతున్న తీగల దగ్గరికి వెళ్ళి, చచ్చిన తీగను వదిలి, ఇంకా బతికున్న తీగ వేరును పెరికి చూశారు. వేరు నిండా కంటికి సరిగా ఆనని పసుపుపచ్చ పురుగులు రసం పీలుస్తూ కనిపించాయి. ఆ పురుగు అమెరికా నుంచి వచ్చినది. దాని పేరు ఫిలాక్సెరా. ఆ ముగ్గురిలో ఒకడు వృక్షశాస్త్రవేత్త ప్లాంషోన్, మరొకడు సాయూ, మూడోవాడు మన బజీల్ తండ్రి గాస్తోన్. ఆ పురుగును తట్టుకునే అమెరికా తీగల వేళ్ళ మీద తమ తీగలను అంటుకట్టవచ్చునని తొలిరోజుల్లోనే చెప్పినవాళ్ళలో ఆయన ఒకడు. చివరికి తోటలను బతికించింది ఆ అంటుకట్టే పద్ధతే.

2000 సంవత్సరంలో మన అనంతపురం జిల్లా శెనక్కాయ చేలకు కాండం కుళ్ళు వైరస్ తెగులు తగిలి లక్షల ఎకరాలు పోయిన సంగతి మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. చేను ఎందుకు చస్తోందో తెలియని రైతు ఇంట్లో ఆ ఏడాది ఎలా గడుస్తుందో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే ఒక తేడా ఉంది. బజీల్ వాళ్ళది పెద్ద ఇల్లు. తెగులు వచ్చినా పొయ్యి ఆరిపోయే ఇల్లు కాదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

డాక్టరు కావాలని పంపితే

ఇంటి దగ్గరలో బ్రూయాస్ అనే కళాభిమాని ఉండేవాడు. ఆయన డెలాక్రవా, కూర్బే వంటి పెద్ద చిత్రకారుల బొమ్మలు కొని ఇంట్లో పెట్టుకున్నాడు. ఆ బొమ్మలు చూసిన పిల్లవాడికి తానూ బొమ్మలు వేయాలని ఆశ పుట్టింది. ఇంట్లోవాళ్ళు వద్దనలేదు, కానీ ముందు వైద్యం చదవాలన్నారు. అలా మోంపెలియేలో వైద్యవిద్యలో చేరాడు. 1862 నవంబరులో చదువు సాగించడానికి పారిస్ వెళ్ళాడు. అక్కడ వైద్యం చదువుతూనే షార్ల్ గ్లేర్ అనే గురువు దగ్గర చిత్రలేఖనంలో చేరాడు.

ఆ చిత్రశాలలో అతనికి ముగ్గురు స్నేహితులు దొరికారు. ఒకడు క్లాడ్ మోనే. రేవుపట్టణం లె హావ్ర్‌లో పెరిగిన వ్యాపారి కొడుకు. రెండోవాడు ఆల్ఫ్రెడ్ సిస్లీ. తండ్రి ఇంగ్లీషువాడు, వ్యాపారస్థుడు. మూడోవాడు రెన్వా. అతను దర్జీ కొడుకు. 13 ఏళ్ళకే పింగాణీ పాత్రల మీద పూలు, బొమ్మలు వేసే పనికి కుదిరాడు. ఆ కూలి డబ్బులు కూడబెట్టుకుని బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చాడు. మన హాస్టల్ భాషలో చెప్పాలంటే ఆ నలుగురిలో మనవాడు రెన్వా.

వీళ్ళకు గదిలో కూర్చుని పాత పద్ధతిలో దేవతలనూ, వీరులనూ గీయడం నచ్చలేదు. ఆరుబయటికి వెళ్ళి, చెట్టు మీద ఎండ ఎలా పడుతోందో, నీటి మీద వెలుగు ఎలా కదులుతోందో అప్పటికప్పుడు రంగుల్లో పట్టుకోవాలనుకున్నారు. దీనికి ఒక చిన్న వస్తువు కూడా తోడ్పడింది. మనం పేస్టు వాడే ట్యూబు లాంటి లోహపు రంగు ట్యూబు. దాన్ని జాన్ రాండ్ అనే చిత్రకారుడు 1841లో కనిపెట్టాడు. బజీల్, రెన్వా పుట్టిన ఏడాదే అది. అంతకుముందు రంగులు నూరి, పంది మూత్రకోశంతో చేసిన సంచుల్లో కట్టుకునేవారు. ట్యూబు వచ్చాక రంగులు సంచిలో వేసుకుని చేలగట్టుకు వెళ్ళే వీలు కలిగింది. ఈ పద్ధతికే తరువాత ఇంప్రెషనిజం అని పేరు వచ్చింది.

1864లో బజీల్ వైద్య పరీక్ష తప్పాడు. ఇంట్లోవాళ్ళు బాధపడ్డారు, కానీ ఒప్పుకున్నారు. అప్పటినుంచి పూర్తిగా బొమ్మలే. నెలనెలా ఇంటినుంచి డబ్బు వచ్చేది. అది చాలక మళ్ళీ ఉత్తరాలు రాసేవాడు. గది అద్దె ఇంత, రంగులకు ఇంత, బొమ్మ కోసం కూర్చునే మనిషికి ఇంత అని లెక్కలు రాసి పంపేవాడు. ఇంటికి ఫోన్ చేసి డబ్బు అడగడానికి మాటలు వెదుక్కునే అలవాటు మనకు మాత్రమే లేదన్నమాట.

ఒక గది, ముగ్గురు మనుషులు

1865లో బజీల్ పారిస్‌లో ఫర్స్తెంబర్ వీధిలో గది తీసుకుని మోనేను తనతో ఉంచుకున్నాడు. తరువాత 1866లో విస్కోంతి వీధికి మారినప్పుడు రెన్వా వచ్చి చేరాడు. 1867లో మోనే కూడా బొమ్మలన్నీ చంకన పెట్టుకుని మళ్ళీ అక్కడికే వచ్చాడు. అద్దె బజీల్ పేరు మీద. రంగులు, కాన్వాసు, అప్పుడప్పుడు తిండి కూడా బజీల్ లెక్కలోనే.

1865 ఎండాకాలంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. పారిస్ దగ్గర షైయీ అనే పల్లెలో బొమ్మలు వేస్తుండగా మోనే కాలికి గాయమై మంచం పట్టాడు. బజీల్ వెళ్ళాడు. వదిలేసిన వైద్యం అప్పుడు పనికి వచ్చింది. కాలిని దుప్పట్ల మీద ఎత్తి పెట్టి, పైన ఒక పాత్ర వేలాడదీసి, గాయం మీద నీళ్ళు చుక్కచుక్కగా పడేట్టు ఏర్పాటు చేశాడు. కాలు మానేదాకా ఊరికే కూర్చోకుండా మంచం మీద పడుకున్న స్నేహితుణ్ణి బొమ్మ వేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. పరీక్ష తప్పినవాడు చేసిన వైద్యం మ్యూజియంలోకి ఎక్కింది!

ఇప్పుడు మొదట చెప్పిన బొమ్మ దగ్గరికి వద్దాం. 1867లో విస్కోంతి వీధి గదిలో బజీల్ చచ్చిన పక్షులను బల్ల మీద పెట్టి బొమ్మ వేస్తున్నాడు. అందులో పెద్దది కొంగజాతి పక్షి, మనం నారాయణ పక్షి అంటామే, అది. జీడిపల్లి రిజర్వాయరు గట్టున నీళ్ళలో కదలకుండా నిలబడే బూడిద రంగు పక్షి. అదే పక్షిని పక్కన కూర్చుని సిస్లీ కూడా వేస్తున్నాడు. డబ్బిచ్చి ఎవరినైనా కూర్చోబెట్టి బొమ్మ వేసుకునే స్థోమత రెన్వాకు లేదు. కనుక ఎదురుగా ఉన్న స్నేహితుణ్ణే బొమ్మగా వేశాడు. గోడకు ఉన్న మంచు బొమ్మ మోనేది. అంటే ఆ ఒక్క బొమ్మలో నలుగురూ ఉన్నారు. వేసిన చెయ్యి రెన్వాది, కూర్చున్నవాడు బజీల్, గోడ మీద మోనే, చట్రం బయట అదే పక్షిని గీస్తూ సిస్లీ. ఎత్తు 105 సెంటీమీటర్లు, వెడల్పు 73 సెంటీమీటర్ల పైచిలుకు. ఒక చిన్న కిటికీ అంత.

బజీల్ కూడా అదే ఏడాది రెన్వాను బొమ్మ వేశాడు. కుర్చీ మీదికి రెండు కాళ్ళూ ఎత్తి పెట్టుకుని, మోకాళ్ళ దగ్గర చేతులు కట్టుకుని కూర్చున్న రెన్వా. మన హాస్టల్ మెట్ల మీద సాయంత్రం పూట అలా కూర్చోనివాడు ఎవడు?

నెలకు 50 ఫ్రాంకులు

ఆ రోజుల్లో పారిస్‌లో చిత్రకారుడు పైకి రావాలంటే సలోన్ అనే ప్రభుత్వ ప్రదర్శనలో అతని బొమ్మ ఉండాలి. ఏది ఉండాలో తేల్చేది ఒక పెద్దల సంఘం. 1867లో ఆ సంఘం బజీల్, మోనే, రెన్వా, సిస్లీ అందరి బొమ్మలనూ తిప్పి పంపింది. అందులో మోనే వేసిన తోటలో స్త్రీలు అనే బొమ్మ ఒకటి. ఎనిమిది అడుగులకు పైగా ఎత్తున్న బొమ్మ అది. మోనే చేతిలో పైసా లేదు, ఇంట్లో బిడ్డ పుట్టబోతోంది.

అప్పుడు బజీల్ ఆ బొమ్మను 2,500 ఫ్రాంకులకు కొన్నాడు. ఒక్కసారిగా ఇవ్వడానికి అతని దగ్గరా లేవు. నెలకు 50 ఫ్రాంకుల చొప్పున కంతులు కట్టడానికి ఒప్పుకున్నాడు. లెక్క వేయండి, 50 నెలలు. ఊరికే ఇస్తే తీసుకునేవాడి తల వంగుతుంది. కొన్నానని ఇస్తే తీసుకునేవాడు చిత్రకారుడిగానే నిలబడతాడు. అయితే వాళ్ళ స్నేహం ఎప్పుడూ తీయగా ఉండేదని చెప్పలేను. డబ్బు ఆలస్యమైతే మోనే ఘాటుగా ఉత్తరాలు రాసేవాడు, బజీల్ నొచ్చుకునేవాడు. అయినా తెగిపోలేదు.

అదే 1867లో బజీల్ ఇంటికి రాసిన ఒక ఉత్తరంలో కొత్త ఆలోచన కనిపిస్తుంది. ఇకమీదట పెద్దల సంఘం ముందు బొమ్మలు పెట్టి అడుక్కోవడం మాని, స్నేహితులందరం డబ్బు వేసుకుని ఒక పెద్ద హాలు అద్దెకు తీసుకుని, మా బొమ్మలు మేమే ప్రదర్శించుకుంటామని రాశాడు. అందరూ కలిపి వేసుకున్న డబ్బు చాలలేదు, ఆ ఏడాది పని జరగలేదు. ఆలోచన మాత్రం మిగిలింది.

బజీల్ వేసిన బొమ్మలు

స్నేహితులకు సాయం చేసిన ధనవంతుడని మాత్రమే బజీల్‌ను తలచుకుంటే అన్యాయం చేసినట్టే. అతని బొమ్మలు తక్కువ, కానీ నిలిచిన బొమ్మలు. 1867లో మేరిక్ ఇంటి ముందు చెట్టు కింద కుటుంబమంతా కూర్చున్న పెద్ద బొమ్మ వేశాడు. అమ్మ, నాన్న, బంధువులు, ఆకుల సందుల్లోంచి పడే ఎండ. దాదాపు అందరూ మనవైపే చూస్తుంటారు. తనను మాత్రం ఎడమవైపు చివరంచున, సగం కనబడీ కనబడనట్టు వేసుకున్నాడు. 1868 సలోన్ ఆ బొమ్మను తీసుకుంది.

1870లో పూలతో ఉన్న ఒక నల్లజాతి స్త్రీని రెండు బొమ్మలుగా వేశాడు. ఒకదానిలో ఆమె పియోనీ పూలను జాడీలో సర్దుతోంది. మరొకదానిలో పూలబుట్ట పట్టుకుని, ఒక గుత్తిని మనకు అందిస్తూ సూటిగా చూస్తోంది. ఫ్రాన్సు తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది 1848లో. అప్పటికి 22 ఏళ్ళే. నల్లజాతి స్త్రీలను దొరసానుల వెనక నిలబడే పనిమనుషులుగా గీసే కాలంలో ఆమెను ఒంటరిగా, నడిమధ్యన, తన పనిలో గౌరవంగా ఉన్న మనిషిగా వేశాడు. ఎవరిని బొమ్మ నడుమ నిలబెడతాం, ఎవరిని మూలకు నెడతాం అన్నది మనలాంటి వాళ్ళకు చిన్న విషయం కాదు కదా.

అదే ఏడాది తన గదిని కూడా బొమ్మ వేశాడు. పెద్ద కిటికీ, గోడల నిండా బొమ్మలు, ఒకడు పియానో వాయిస్తున్నాడు, కొందరు మాట్లాడుకుంటున్నారు. గోడ మీద సలోన్ తిప్పి పంపిన బొమ్మలు కూడా ఉన్నాయి. బజీల్ రూపాన్ని అందులో వేసింది అతను కాదు, ఎదువార్ మానే. (మానే వేరు, మోనే వేరు. మానే వీళ్ళకు అన్నలాంటివాడు.) స్నేహితుని గది బొమ్మలో స్నేహితుడు లేకపోతే ఎలా అన్నట్టు, పొడుగాటి బజీల్‌ను మానే తన కుంచెతో నిలబెట్టాడు.

యుద్ధం

1870 జూలై 19న ఫ్రాన్సు ప్రష్యా మీద యుద్ధం ప్రకటించింది. బజీల్ అప్పుడు మేరిక్‌లో ఉన్నాడు. ఆగస్టు 16న అతను సైన్యంలో చేరాడు. అదీ జువావు పటాలంలో, ముందు వరుసలో దాడికి పేరుపడిన దళంలో. స్నేహితులు నివ్వెరపోయారు. మోనే భార్యాబిడ్డలతో లండన్ వెళ్ళిపోయాడు. రెన్వాను సైన్యం పిలిపించుకుంది, కానీ అతను పోరు జరిగే చోటికి పోలేదు. శిక్షణకు బజీల్‌ను అల్జీరియాకు పంపి, మళ్ళీ ఫ్రాన్సుకు తెచ్చారు.

1870 నవంబరు 28న బోన్-లా-రోలాంద్ అనే ఊరి దగ్గర జరిగిన పోరులో బజీల్ తుపాకి గుండ్లు తగిలి చనిపోయాడు. ఇంకో ఎనిమిది రోజులకు 29 ఏళ్ళు నిండేవి.

కబురు తెలిసి తండ్రి గాస్తోన్ బయలుదేరాడు. శత్రుసైన్యం నిండిన దారుల్లో పోయి, మంచు కప్పిన ఆ పొలాల్లో కొడుకు శవం కోసం రోజుల తరబడి వెతికాడు. చివరికి దొరికింది. బండి మీద వేయించి తీసుకువచ్చి డిసెంబరులో మోంపెలియేలో మట్టి చేశాడు. చచ్చిపోతున్న తీగ వేరు పెరికి కారణం కనిపెట్టిన మనిషి అతను. కొడుకు చావుకు మాత్రం ఏ వేరు పెరికి చూడగలడు?

బొమ్మ ఇంటికి చేరింది

బజీల్ పోయిన మూడున్నరేళ్ళకు, 1874 ఏప్రిల్ 15న, మోనే, రెన్వా, సిస్లీ తదితరులు కలిసి పారిస్‌లో సొంతంగా ప్రదర్శన పెట్టారు. 1867లో బజీల్ ఉత్తరంలో రాసిన ఆలోచన అది. పత్రికలు ఎగతాళి చేశాయి. మోనే బొమ్మ పేరులోని ఇంప్రెషన్ అన్న మాట పట్టుకుని ఒక విమర్శకుడు వేళాకోళంగా రాశాడు. ఆ వేళాకోళమే వాళ్ళ పేరై నిలిచింది.

1876లో వాళ్ళ రెండో ప్రదర్శన జరిగింది. రెన్వా వేసిన బజీల్ బొమ్మ అప్పటికి మానే దగ్గర ఉంది. ప్రదర్శనకు దాన్ని మానే ఇచ్చాడు. ఆ బొమ్మ బజీల్ తండ్రి మనసును పట్టుకుంది. అది తనకు కావాలని కోరాడు. బదులుగా కొడుకు నెలకు 50 ఫ్రాంకులు కట్టి కొన్న మోనే బొమ్మను, తోటలో స్త్రీలను, మానేకు ఇచ్చాడు.

తమ్ముళ్ళారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఎనిమిది అడుగుల బొమ్మ ఇచ్చి, కిటికీ అంత బొమ్మ తెచ్చుకున్నాడు ఆ తండ్రి. మోనే బొమ్మ తరువాత మళ్ళీ మోనే చేతికే చేరింది. 1921లో ఫ్రెంచి ప్రభుత్వం దాన్ని అతని దగ్గర 2 లక్షల ఫ్రాంకులకు కొన్నది. లెక్క ప్రకారం గాస్తోన్ నష్టపోయాడనవచ్చు. కానీ ఆయనకు కావలసింది పొలంలో తాను చూసిన కొడుకు కాదు, గదిలో చెప్పులు వేసుకుని పని చేసుకుంటున్న కొడుకు. అలా చూసినవాడు రెన్వా ఒక్కడే. దర్జీ కొడుకు, అద్దె కట్టలేనివాడు, ఆ గదిలో చోటు దొరికినందుకు తిరిగి ఇవ్వగలిగింది అదే. బజీల్ తమ్ముడు మార్క్ ద్వారా 1924లో ఆ బొమ్మ దేశానికి చేరింది. ఈనాడు అది ఓర్సే మ్యూజియం ఆస్తి.

మన దగ్గర కూడా

ఇదంతా ఎక్కడో ఫ్రాన్సు కథ అనుకోకండి. మన రాజమండ్రిలో దామెర్ల రామారావు అనే చిత్రకారుడు ఉండేవాడు. 1897 మార్చి 8న పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే అతని చేతిలోని పనితనం గుర్తించి ప్రోత్సహించాడు. బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, రాజమండ్రికి తిరిగి వచ్చి, తెలుగువారికి సొంత చిత్రకళ ఉండాలని స్నేహితులతో కలిసి కళాశాల నడిపాడు. 1922లో కలకత్తా ప్రదర్శనలో అతని ఋష్యశృంగుని బొమ్మకు వైస్రాయి బహుమతి వచ్చింది. 1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి చనిపోయాడు. 28 నిండడానికి ఇంకో నెల ఉంది. అతని బొమ్మలు చెదిరిపోకుండా కాపాడినవాళ్ళలో ముఖ్యుడు స్నేహితుడు వరదా వెంకటరత్నం. ఈరోజు రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్టు గ్యాలరీ ఉందంటే అలాంటి స్నేహితుల వల్లనే. అక్కడ తుపాకి, ఇక్కడ మశూచి. రెండుచోట్లా మిగిల్చింది స్నేహితులు.

నేను చెప్పదలచుకున్నది

బజీల్ కథ చదివి, మనసుకు నచ్చిన దారిలో పోండి, పరీక్ష తప్పినా ఏం కాదు అని నేను మీకు చెప్పను. అలా చెబితే అబద్ధం అవుతుంది. బజీల్ పరీక్ష తప్పగలిగాడు, ఎందుకంటే వెనక ద్రాక్షతోటలు ఉన్నాయి. మన వెనక అవి లేవు. మనలో ఒకడు తప్పితే మరుసటి వారం బెంగళూరు బస్సు ఎక్కవలసిందే. నేను మా ఇంట్లో మొదటి డిగ్రీవాణ్ణి. ఆ భయం నాకు తెలుసు.

కానీ ఆ గది సంగతి వేరు. గది మనకూ ఉంది. బజీల్ దగ్గర ఉన్నది ఎక్కువే కావచ్చు, ఆ ఎక్కువను అతను తలుపు వేసుకుని దాచుకోలేదు. ఆ తలుపు తెరిచి ఉండబట్టే మోనే, రెన్వా ఆ కరువు రోజులు దాటారు.

మన హాస్టల్ హాలులో నా ట్రంకుపెట్టె పక్కన ఇంకో ట్రంకుపెట్టె ఉండేది. దాని యజమాని బొగ్గుతో వంటగది వెనక గోడ మీద బొమ్మలు వేసేవాడు. అన్నం గంట కొట్టే మనిషినీ, పళ్ళేలు పట్టుకుని వరుసలో నిలబడిన మమ్మల్నీ వేసేవాడు. సున్నం కొట్టినప్పుడు అవన్నీ పోయాయి. పదో తరగతి అయ్యాక వర్షం లేని ఏడాది వాళ్ళ ఇంట్లోవాళ్ళు బెంగళూరుకు బిల్డింగు పనికి పోయారు. వాడూ పోయాడు. నేను చదువుకున్నాను. డిగ్రీ రెండో సంవత్సరంలో మెస్ బిల్లు కట్టలేక చదువు మానేద్దామనుకుంటుండగా వాడికి ఎవరి ద్వారానో తెలిసింది. నెలకు 500 చొప్పున, నా డిగ్రీ అయ్యేదాకా పంపాడు. ఎందుకురా అంటే, పాత అప్పు అన్నాడు. ఏ అప్పో నాకు ఇప్పటికీ తెలియదు. నా తల వంగకుండా ఉండడానికి వాడు కల్పించిన అప్పు అని లైబ్రరీలో బజీల్ కథ చదివిన రోజు అర్థమైంది.

మా పదో తరగతి గ్రూపు ఫోటోలో వాడు ఎడమవైపు చివర ఉన్నాడు. సగం ముఖమే పడింది. నాకు బొమ్మ వేయడం రాదు. కనుక ఈ వ్యాసమే వాడికి నేను వేసిన బొమ్మ అనుకోండి. పేరు రాయవద్దన్నాడు, రాయలేదు.

తమ్ముళ్ళారా, మీ పక్క ట్రంకుపెట్టె వాడి దగ్గర లేనిది మీ దగ్గర ఏదైనా ఉంటే, అది నోట్సు కావచ్చు, అర్థమైన లెక్క కావచ్చు, ఇంటినుంచి వచ్చిన నాలుగు బొరుగులు కావచ్చు, తలుపు తెరిచి పెట్టండి. తీసుకున్నవాళ్ళు మరిచిపోకండి. వాడిని ఒకసారి సరిగ్గా చూడండి. రేపు వాళ్ళ అమ్మానాన్నలు వాడు హాస్టల్లో ఎలా ఉండేవాడని అడిగితే చెప్పగలిగినది మీరే.

హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అన్న,
మన హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ.